చుక్క కదులుతోంది

మూడు రోజులుగా చుక్క కదలడం లేదు.
హైమా ఆఫీసులో, తెర మీద,
ఏమీ లేని పసుపు నడుమ ఒక ఎర్రటి చుక్క.
"హుబారా. నూట నలభై రెండు. ఆడది"
అంది ముజ్నా మేడం, బూట్లు తొడుక్కుంటూ.
నేను నీళ్ళ డబ్బాలు, పార, ఇంకో టైరు
బండిలోకి ఎత్తాను.

నేను డ్రైవరునే గానీ
ఆ పిట్ట నాకు కొత్త కాదు.
మాది మిడుతూరు. మా బీళ్ళలో దాని పెద్దక్క తిరిగేది,
బట్టమేక.
తొమ్మిదేళ్ళప్పుడు ఒక్కసారి చూశాను:
కొర్రచేను గట్టున, తహసీల్దారులా మెడ నిక్కించి
తొందరేం లేకుండా నడిచిపోయింది.
మళ్ళీ కనిపిస్తుందిలే అని
సరిగా చూడలేదు.

దారిలో తలా ఒక మాట.
డేగల వేటగాళ్ళు, అన్నాడు పెట్రోలు బంకు కుర్రాడు,
రాత్రి, నంబరు ప్లేటుకు గుడ్డ చుట్టుకుని.
నక్క, అన్నాడు ఒంటెల ముసలాయన;
అంతటితో ఊరుకోక, ఆ నక్క ఎలా నవ్విందో చేసి చూపించాడు.
"చచ్చిందని ఎవరన్నారు? నిన్ననే చూశా"
అన్నాడు టీ కొట్టు మలయాళీ, చిల్లర ఇవ్వకుండా.
మేడం అన్నీ రాసుకుంది,
నక్క నవ్వు కూడా.

తారు అయిపోయాక కొంత దూరం కరెంటు తీగలు తోడొచ్చాయి.
చుక్క ఉన్న చోట
మేకల దొడ్డి, రేకుల గది, బోర్లించిన డ్రమ్ము.
గది వెనక చిన్న ఇసుక దిబ్బ,
మీద మూడు రాళ్ళు,
ఒక ఎండు ఖర్జూరం.

పార దించబోతే
ఒక మనిషి పరిగెత్తుకొచ్చి అడ్డం పడ్డాడు.
అరబీలో రెండు మాటలు, హిందీలో ఒకటి, ఆపైన భయం ముదిరి
"వద్దునా, పండుకోనీ దాన్ని."
పార నా చేతిలోనే నిలబడిపోయింది.

గంగులప్ప. లక్కిరెడ్డిపల్లె పక్క.
అతను చెప్పింది నేను అరబీలో చెప్పాను:
తీగల కింద దొరికింది, రెక్క విరిగి.
రెండు రాత్రులు కంబళిలో పెట్టుకున్నాడు,
వేలి కొసతో నీళ్ళు పట్టాడు,
మూడో పొద్దుకు మెడ వాల్చేసింది.
కోసుకు తినలేదేం? అని మేడం అడగలేదు, నేనే అడిగాను.
"మూడేండ్లకు ఇంటికొచ్చిన చుట్టంనా.
చుట్టాన్ని తింటారా?"

పిట్టది ఇసుక రంగే.
ఇసుక ఎక్కడ ఆగిందో, పిట్ట ఎక్కడ మొదలైందో
కాసేపు తెలియలేదు.
మేడం విరుపు కొలిచింది, ఫోటో తీసింది.
వీపు మీది పెట్టె విప్పింది,
అగ్గిపెట్టె అంతది, పైన ఎండ తాగే పలక.

గంగులప్ప దాన్ని ముట్టుకోలేదు.
"దీన్ని చూసేనా మీరొచ్చింది?"
"ఊ."
"మూడు దినాలకే?"
"మూడు దినాలకే."
వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు.
ఆకామా తీరి ఎన్నాళ్ళో, కఫీల్ మొహం చూసి ఎన్నాళ్ళో
నేను అడగలేదు.
"కట్టుకుంటే బరువుంటాదానా?"

ఏమంటున్నాడు, అంది మేడం.
బరువెంతని అడుగుతున్నాడు.
"ముప్పై గ్రాములు."
చెప్పాను.
తల ఊపాడు, మోయగలను అన్నట్టు.

మరణ కారణం: కరెంటు తీగ.
సాక్షి పేరు అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.
మేడం నన్ను చూసింది, రేకుల గదిని చూసింది.
'మేకల కాపరి ఒకడు' అని రాసింది.
ఖాళీ గుంటను నేను పూడ్చాను,
రాళ్ళు ఎలా ఉన్నవి అలా పెట్టాను. ఖర్జూరం కూడా.
నీళ్ళ డబ్బాలు అక్కడే మరిచిపోయాను, కావాలనే.
అతని అరచేతిలో నా నంబరు రాశాను.
ఫోనుందా అని అడగడం
నిజంగానే మరిచిపోయాను.

తిరుగుదారిలో పెట్టె
గాజులాంటి సంచిలో, స్టీరింగు ముందు,
మధ్యాహ్నపు ఎండంతా దాని మీదే.
హైమా ఇంకా ఇరవై కిలోమీటర్లు ఉందనగా
మస్కట్ నుంచి ఫోను.
అవతలి గొంతు సంతోషం నాకూ వినబడింది:
నూట నలభై రెండు బతికే ఉంది!
చుక్క కదులుతోంది, ఎగురుతోంది,
గంటకు నూట పది!

మేడం ఫోను చెవికి ఆనించుకుని
అలాగే ఉండిపోయింది.
నేను బండి వేగం కొంచెం తగ్గించాను,
పిట్ట ఎగిరేంత.